పాత సినిమాల్లో కనిపించే కెమెరాలు: మీరు గుర్తుపట్టినవి చెప్పండి

స్టూడియో_వారసుడు (ఆదివారం, రాత్రి 9:42)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు తెనాలిలో 34 ఏళ్లు ఫోటో స్టూడియో నడిపారు. ఇప్పుడు ఆయనకి 78. మోకాలి ఆపరేషన్ అయ్యి నెల రోజులుగా మంచం మీదే ఉన్నారు. కాలక్షేపం కోసం రోజుకో పాత సినిమా పెడుతున్నాను. నిన్న హిచ్‌కాక్ ‘రియర్ విండో’ (1954) పెట్టాను. కాలికి కట్టుతో కుర్చీకి అతుక్కుపోయి, ఎదురింట్లో హత్య జరిగిందని అనుమానపడే ఫోటోగ్రాఫర్ కథ కదా, ఆయనకి దగ్గరగా ఉంటుందనుకున్నాను. ఆయన కథ వదిలేసి కెమెరా పట్టుకున్నారు.

హీరో జేమ్స్ స్టువర్ట్ ఎదురింటి కిటికీలోకి చూడ్డానికి మొదట బైనాక్యులర్స్ తీస్తాడు. అది చాలక పొడవాటి లెన్స్ బిగించిన కెమెరా అందుకుంటాడు. అక్కడ నాన్న “ఆపు, ఆపు” అన్నారు. పేరు ఉండాల్సిన చోట నల్ల టేపు అంటించి ఉంది. అయినా ఆయన ఒక్క నిమిషం చూసి “ఎగ్జాక్టా రా ఇది” అన్నారు. ఎలా చెప్పావంటే, “నొక్కే బొత్తాం ఎడమ పక్క ముందుకి ఉంది చూడు. ఎడమ చేత్తో నొక్కే కెమెరా అంటే మాకు ఎగ్జాక్టానే. గుంటూరులో ఒకాయన దగ్గర ఉండేది, ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు” అన్నారు.

సినిమా ఇంకో పావుగంటలో అయిపోతుందనగా ఆయన అడిగిన ప్రశ్న నాకు నిద్ర పట్టనివ్వలేదు. “ఇంతసేపూ కెమెరాలోంచి చూశాడు గదా, ఒక్క ఫోటో అయినా తీశాడా వీడు?”

నిజంగానే తీయలేదు. మళ్లీ మొదట్నుంచి వేసి చూశాను. ఎందుకు తీయలేదంటారు? అలాగే ఇలాంటి కెమెరాలు, ఫ్లాష్‌లు, డార్క్‌రూమ్ సామాన్లు పాత సినిమాల్లో మీ కంట పడినవి ఉంటే రాయండి. నాన్నకి చదివి వినిపిస్తాను.

డార్క్‌రూమ్_దీపం (ఆదివారం, రాత్రి 10:15)

నాన్నగారి కన్నుకి దండం పెట్టాలండీ. అది ఎగ్జాక్టా వారెక్సే. జర్మనీలో డ్రెస్డెన్ నగరంలో ఇహాగీ అనే కంపెనీ చేసేది. దానికి తగిలించింది కిల్‌ఫిట్ వాళ్ల ఫెర్న్-కిలార్, 400 మి.మీ., ఎఫ్ 5.6 (లెన్స్ ఎంత వెలుగు లోపలికి వదులుతుందో చెప్పే అంకె). మామూలు 50 మి.మీ. లెన్స్‌తో పోలిస్తే బొమ్మని 8 రెట్లు దగ్గరికి లాగుతుంది.

ఫోటో ఎందుకు తీయలేదన్నదానికి కథాపరంగా ఎవరి సమాధానం వాళ్లు చెప్పొచ్చు. నేను ఫిజిక్స్ టీచర్ని కాబట్టి లెక్క చెబుతాను. రాత్రిపూట బల్బు వెలుగు ఉన్న గది, ఎఫ్ 5.6 లెన్స్. ఆ రోజుల్లో కలర్ ఫిల్మ్ కోడాక్రోమ్ వేగం, అంటే వెలుగుని పట్టే శక్తి, ఏఎస్ఏ లెక్కలో 10. నలుపు తెలుపు ట్రై-ఎక్స్ 35 మి.మీ. రీలుగా వచ్చిందే 1954లో, దాని వేగం 200. ఆ 200 రీలు వేసినా ఒక్క ఫోటోకి సుమారు పావు సెకను షట్టర్ తెరిచి ఉంచాలి. కోడాక్రోమ్ అయితే సెకన్ల లెక్కే. 400 మి.మీ. లెన్స్‌ని చేత్తో పట్టుకుంటే షట్టర్ తెరిచి ఉండేది సెకనులో నాలుగు వందల్లో ఒక వంతు దాటకూడదని మనం అనుకుంటాం. చక్రాల కుర్చీలో స్టాండ్ లేకుండా, ఒళ్లో పెట్టుకుని తీస్తే వచ్చేది మసక మరక. అతను పేరున్న ఫోటోగ్రాఫర్, ఆ సంగతి అతనికి తెలుసు. రాత్రి సీన్లలో అతను బొత్తాం నొక్కకపోవడం నాకు సరిగ్గానే అనిపిస్తుంది.

పగటిపూట మాత్రం తీయొచ్చు. తీశాడు కూడా, కథ మొదలవకముందే. పెరట్లో పూలమొక్కల స్లైడ్లు గుర్తున్నాయా? చిన్న వ్యూయర్‌లో పాత స్లైడ్ పెట్టి, ఒకసారి దాన్నీ ఒకసారి పెరడునీ చూసి, మొక్కల ఎత్తు తగ్గిందని, అక్కడ ఏదో పాతిపెట్టారని పట్టుకుంటాడు. పొడవాటి లెన్స్ అనుమానాన్ని పుట్టించింది, అరచేతిలో పట్టే స్లైడ్ వ్యూయర్ ఆధారాన్ని ఇచ్చింది. అందరూ లెన్స్ గురించే మాట్లాడతారు. నాకు ఆ వ్యూయరే ఎక్కువ ఇష్టం.

పలాస_రాజు (ఆదివారం, రాత్రి 10:31)

టేపు ఎందుకు వేశారంటారు? మన సీరియల్స్‌లో కూల్‌డ్రింక్ సీసా మీద పేరు కప్పేసినట్టా?

నెగెటివ్_నాని (ఆదివారం, రాత్రి 10:40)

ఉచిత ప్రచారం ఎందుకని పేర్లు కప్పేయడం షూటింగుల్లో మామూలే రాజన్నా. నేను హైదరాబాద్‌లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌ని. మా ప్రాపర్టీ పెట్టెలో నల్ల టేపు ఎప్పుడూ ఉంటుంది. కాకపోతే టేపు వేసిన కెమెరాని ఇన్నేళ్ల తర్వాత తెనాలిలో మంచం మీద పడుకుని ఒకాయన గుర్తుపట్టారంటే నాకు ఒళ్లు పులకరించింది.

కృష్ణాతీరం (సోమవారం, ఉదయం 6:05)

నేను బెజవాడలో పత్రికలకి ఫోటోలు తీసి రిటైర్ అయినవాణ్ని. మీ నాన్నగారి వయసే ఉంటుంది నాకూ. ఆయన్ని అడిగానని చెప్పు నాయనా.

ఆ సినిమాలో నాకు ప్రాణం చివరి ఘట్టం. హంతకుడు చీకటి గదిలోకి వస్తాడు. కాలు కదపలేని మనిషి దగ్గర ఆయుధం ఏముంది? ఫ్లాష్‌గన్ ఒక్కటే. తన కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఫ్లాష్ కొడతాడు. వాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి, ఆగుతాడు, మళ్లీ అడుగు వేస్తాడు. ఈలోపు ఇతను కాలిపోయిన బల్బు తీసి కొత్తది పెట్టాలి.

ఇప్పటి పిల్లలకి ఈ సీన్‌లో సగం అర్థం కాదు, అందుకే రాస్తున్నాను. ఆ బల్బు ఒక్కసారికే పనికొస్తుంది. గాజు బుడ్డిలో సన్నని లోహపు తీగ ఉండ, చుట్టూ ఆక్సిజన్. బ్యాటరీ కరెంటు తగలగానే తీగ భగ్గున కాలిపోతుంది. గాజు పగిలి మొహాన పడకుండా పైన లక్క పూత ఉంటుంది, కాలాక ఆ పూత బొబ్బలు తేలి తెల్లగా అవుతుంది. ముట్టుకుంటే చర్మం అంటుకుపోయేంత వేడి. నా కుడి బొటనవేలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. పెళ్లిళ్లలో జేబురుమాలు చుట్టి లాగేవాళ్లం. కొత్త బల్బు అడుగున నాలుకతో తడిపి పెట్టేవాళ్లం, కరెంటు బాగా అందుతుందని. కుడి జేబులో కొత్తవి, ఎడమ జేబులో కాలినవి. అదే క్రమం, ఎప్పుడూ మారకూడదు.

ఆ నటుడు బల్బు మార్చే చేతుల్ని చూడండి. ఆ తీసి పెట్టే వ్యవధిలోనే హంతకుడు దగ్గరికి వస్తున్నాడు. టెన్షన్ అంతా ఆ బల్బు మార్చడంలో ఉంది. ఈనాటి ఎలక్ట్రానిక్ ఫ్లాష్ అయితే టపటపా కొట్టేవాడు, ఆ సీనే ఉండేది కాదు. వస్తువు ఎలా పనిచేస్తుందో తెలిసినవాడు రాసుకున్న ఘట్టం అది.

స్టూడియో_వారసుడు (సోమవారం, ఉదయం 7:20)

బాబాయ్ గారూ, నాన్నకి చదివాను. “నాలుకతో తడపడం” దగ్గర గట్టిగా నవ్వి, “మనవాడే” అన్నారు. మా అటక మీద ఫ్లాష్‌గన్ ఉండాలట. వెతకమన్నారు.

న్యూజెర్సీ_లక్ష్మి (సోమవారం, ఉదయం 8:02)

ఫ్లాష్ మాట వచ్చింది కాబట్టి నేనూ ఒకటి చెప్పాలి. 1977 ‘స్టార్ వార్స్’లో హీరో ల్యూక్ చేతిలోని వెలుగు కత్తి చూశారు కదా. దాని పిడి గ్రాఫ్లెక్స్ కంపెనీ ఫ్లాష్‌గన్ హ్యాండిల్! పాత అమెరికన్ సినిమాల్లో టోపీ పెట్టుకున్న పత్రికావిలేకరులు పట్టుకునే పెద్ద స్పీడ్ గ్రాఫిక్ కెమెరాకి పక్కన గొట్టంలా నిలబడి ఉంటుందే, అదే. లోపల మూడు బ్యాటరీలు, పైన గిన్నెలాంటి రిఫ్లెక్టర్, దాని మధ్యలో బల్బు.

సెట్ డెకరేటర్ రోజర్ క్రిస్టియన్‌కి లండన్‌లో గ్రేట్ మార్ల్‌బరో స్ట్రీట్‌లోని ఫోటో సామాన్ల దుకాణంలో ఇవి దొరికాయి. రిఫ్లెక్టర్ తీసేసి, పట్టు కోసం చుట్టూ నల్లటి రబ్బరు పట్టీలు అంటించి, క్లాంప్ దగ్గర కాలిక్యులేటర్ అంకెల మీద ఉండే బుడగల ప్లాస్టిక్ ముక్క దూర్చాడు. ఎర్ర బొత్తాం మాత్రం ఫ్లాష్‌దే, అలాగే ఉంది. విలన్ డార్త్ వేడర్ కత్తి కూడా ఫ్లాష్ హ్యాండిలే, ఎంపీపీ అనే బ్రిటిష్ కంపెనీది.

నాకు దీంతో ఒక బాధ ఉంది. నేను ఇక్కడ పాత కెమెరాలు సేకరిస్తాను. నాలుగేళ్ల క్రితం ఒక ఆదివారం సంతలో స్పీడ్ గ్రాఫిక్ దొరికింది. బెల్లోస్ (లెన్స్ వెనక మడతలుగా సాగే సంచి) బాగుంది, లెన్స్ మీద గీత కూడా లేదు. పక్కన హ్యాండిల్ మాత్రం లేదు. అమ్మే ముసలాయన్ని అడిగితే, హ్యాండిల్ ఒక్కటీ వేరేవాళ్లకి అమ్మేశానమ్మా, కెమెరా మొత్తానికంటే దానికే ఎక్కువ వచ్చింది అన్నాడు. కత్తులు చేసుకోవడానికి కొంటారు. దశాబ్దాలు కలిసి పనిచేసిన రెండు వస్తువుల్ని విడదీసి ఒకదాన్ని కోసి గుండీలు పెట్టేస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. నా గ్రాఫిక్ ఇప్పటికీ ఒంటి చేత్తోనే ఉంది.

నెగెటివ్_నాని (సోమవారం, ఉదయం 9:30)

లక్ష్మక్కా, మీ బాధ అర్థమైంది. కానీ మా వైపు నుంచి చూస్తే రోజర్ క్రిస్టియన్ చేసింది గొప్ప పని. డబ్బు లేదు, టైమ్ లేదు, చేతిలో పట్టుకుంటే నిజంగా బరువుండే వస్తువు కావాలి. థర్మాకోల్‌తో చేసిన కత్తిని నటుడు పట్టుకున్న తీరులోనే తెలిసిపోతుంది. కొత్తగా తయారుచేస్తే ఆ లోహపు మెరుపు, ఆ అరుగుదల రాదు.

న్యూజెర్సీ_లక్ష్మి (సోమవారం, ఉదయం 9:48)

అప్పుడు అతను వాడింది దుకాణంలో దుమ్ము పట్టిన సరుకు తమ్ముడూ, దాని మీద నాకు కోపం లేదు. ఇప్పుడు అచ్చం అలాంటి నకళ్లు బోలెడు దొరుకుతున్నాయి. పనిచేసే అసలువాటిని ఇంకా కొయ్యడం ఎందుకు?

పలాస_రాజు (సోమవారం, మధ్యాహ్నం 1:10)

‘రోమన్ హాలిడే’లో సిగరెట్ లైటర్ కెమెరా మినాక్స్ కదా? గూఢచారులు వాడేది. ఎక్కడో చదివాను.

డార్క్‌రూమ్_దీపం (సోమవారం, మధ్యాహ్నం 1:35)

కాదండీ. మినాక్స్ సన్నగా పొడుగ్గా ఉంటుంది, రెండు చేతులతో సాగదీసి మూస్తే రీలు జరుగుతుంది. రీగా నగరంలో 1938లో బయటికొచ్చింది. అందులో లైటర్ ఉండదు. ‘రోమన్ హాలిడే’ (1953)లోది జపాన్ వాళ్ల ఎకో 8. చూడ్డానికి మూత తెరిచే జిప్పో లైటర్‌లా ఉంటుంది. నిజంగానే వెలుగుతుంది, నిజంగానే ఫోటో తీస్తుంది. 16 మి.మీ. ఫిల్మ్‌ని నిలువునా చీల్చి 8 మి.మీ. చేసి అందులో వేస్తారు.

ఆ సినిమాలో కెమెరాల వరస చూడండి. గ్రెగరీ పెక్ పాత్రధారి విలేకరి, అతని దగ్గర కెమెరా లేదు. ట్రెవీ ఫౌంటెన్ దగ్గర ఒక స్కూలు పిల్ల మెడలోని కెమెరా అడగబోయి భంగపడతాడు. స్నేహితుడు ఎడ్డీ ఆల్బర్ట్ దగ్గర ఈ లైటర్ ఉంటుంది. రాకుమారి మొదటి సిగరెట్ కాలుస్తుంటే వెలిగిస్తున్నట్టు నటిస్తూ క్లిక్ మనిపిస్తాడు. చివర్లో విలేకరుల సమావేశంలో అదే లైటర్ రాకుమారి ముందు తీసి క్లిక్ మనిపించి, ఆమెకి నిజం తెలిసేలా చేస్తాడు. ఆ తర్వాత ఫోటోలన్నీ కవర్లో పెట్టి ఆమె చేతికే ఇచ్చేస్తాడు. దొంగచాటుగా తీసిన వస్తువే తప్పు ఒప్పుకునే వస్తువైంది. ఒక్క మాట లేకుండా.

పలాస_రాజు (సోమవారం, మధ్యాహ్నం 1:41)

థాంక్స్ మేడమ్. ఇవాళే మళ్లీ చూస్తా.

నెగెటివ్_నాని (సోమవారం, రాత్రి 8:15)

నా పని గురించి ఒక మాట. పీరియడ్ సినిమా అనగానే మాకు “పాత కెమెరా ఒకటి తెండి” అని చెబుతారు. పాతది అంటే ఏ పాతది? 1942 సీన్‌లో విలేకరి చేతికి 1970లో వచ్చిన రెండు లెన్సుల యాషికా మ్యాట్ 124జీ ఇస్తే చూసేవాళ్లలో నూటికి తొంభై మందికి తెలియకపోవచ్చు. మిగతావాళ్లు ఇదిగో, ఇక్కడ ఉంటారు. రెండు లెన్సుల కెమెరాయే కావాలంటే రోలీఫ్లెక్స్ ఉంది, అది 1929 నుంచీ ఉంది.

నేను గుర్తుపెట్టుకున్న కొండగుర్తు ఒకటి: నడినెత్తిన గోపురంలా లేచిన భాగం. కంటికి ఆనించి, ఫోటో తీసే లెన్స్‌లోంచే చూసే 35 మి.మీ. ఎస్సెల్లార్ కెమెరాకి ఉంటుంది కదా, ఆ పెంటాప్రిజం అనే గాజు పట్టకం. కాంటాక్స్ ఎస్, రెక్టాఫ్లెక్స్ లాంటివి 1940ల చివర్లో గానీ రాలేదు. స్వాతంత్ర్యోద్యమం సీన్‌లో ఆ గోపురం కనిపిస్తే తప్పే. ఫ్లాష్ కూడా అంతే. గాజు బల్బులు 1929-30లో వచ్చాయి. అంతకుముందు కథ అయితే పళ్లెంలో పొడి పోసి భగ్గుమనిపించడమే, గది నిండా పొగ.

కృష్ణాతీరం (మంగళవారం, ఉదయం 5:50)

నాని బాబు చెప్పింది సంవత్సరాల తప్పు. నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టేది చేతుల తప్పు.

మన సినిమాల్లో కర్ర కెమెరా సీన్ ఎన్నిసార్లు చూశామో. ఫోటోగ్రాఫర్ నల్లగుడ్డ కప్పుకుంటాడు, లోపల్నుంచే “నవ్వండి” అంటాడు, గుడ్డలో తల ఉండగానే క్లిక్! అలా జరగదు. గుడ్డ కప్పుకునేది వెనక గరుకు గాజు మీద బొమ్మ చూడ్డానికి. అక్కడ మనుషులు తలకిందులుగా కనిపిస్తారు. ఫోకస్ కుదిరాక గుడ్డలోంచి బయటికి రావాలి. లెన్స్ మూయాలి. గాజు ఉన్న చోట ప్లేటు పెట్టెని దూర్చాలి. దాని రేకు పైకి లాగాలి. ఇక ఆ తర్వాత వెనక్కి వెళ్లి చూడ్డానికి ఏమీ ఉండదు, అక్కడ ప్లేటు ఉంది! అందుకే ఫోటోగ్రాఫర్ కెమెరా పక్కన నిలబడి, మనుషుల కళ్లలోకి చూస్తూ, లెన్స్ మూత తీసి, ఒకటీ రెండూ లెక్కపెట్టి, మళ్లీ మూసేవాడు. మా గురువుగారు మూత తీసేటప్పుడు చెయ్యి గాల్లో సున్నా చుట్టేవారు. పిల్లలు ఆ చేతినే చూస్తూ కదలకుండా ఉండిపోయేవాళ్లు.

నటుడికి ఇది నేర్పడానికి పది నిమిషాలు చాలు. నేర్పితే ఆ సీన్‌కి ఎంత నిండుతనం వస్తుందో ఆలోచించండి.

మన దక్షిణాది స్టూడియోల్లో చాలావాటిలో ఉన్న కర్ర కెమెరా విదేశీది కాదని ఎంతమందికి తెలుసు? కేరళలో అలప్పుళలో చేసిన వాగీశ్వరి కెమెరా. టేకు చెక్క, ఇత్తడి అంచులు. సంగీత వాయిద్యాలు బాగుచేసే కుటుంబం వాళ్లది. ఎవరో చిరిగిన కెమెరా బెల్లోస్ తెచ్చిస్తే బాగుచేసి, ఆ తర్వాత 1940ల్లో ఏకంగా కెమెరానే తయారుచేశారు కరుణాకరన్ గారు. దేశమంతా కొన్నారు. సినిమాలో కర్ర కెమెరా కనిపిస్తే ముందు ఇత్తడి పేరుపలక కోసం వెతుకుతాను.

స్టూడియో_వారసుడు (మంగళవారం, ఉదయం 7:45)

బాబాయ్ గారూ, మా దగ్గరున్నది వాగీశ్వరే. ఇది చెప్పాలా వద్దా అని రెండ్రోజులుగా ఆలోచిస్తున్నాను.

కొన్నేళ్ల క్రితం ఒక షూటింగ్ వాళ్లు వచ్చి మూడు రోజులకి అద్దెకి అడిగారు. నాన్న డబ్బులు వద్దన్నారు, జాగ్రత్తగా చూసుకోమన్నారు. ఎలా విప్పాలో, ఏ మర ఎటు తిప్పాలో దగ్గర కూర్చోబెట్టి చూపించారు కూడా. పదకొండు రోజులకి తిరిగొచ్చింది. బెల్లోస్ రెండు మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. పాతగా కనిపించాలని చెక్క మీద ఏదో రంగు పూశారు, నిజంగా పాతదానికి! గరుకు గాజు లేదు. అడిగితే ఎవరూ సరైన సమాధానం చెప్పలేదు. నాన్న ఏమీ అనలేదు. టర్పెంటైన్ గుడ్డతో ఆ రంగు తుడుస్తూ నాలుగు సాయంత్రాలు వరండాలో కూర్చున్నారు.

నెగెటివ్_నాని (మంగళవారం, ఉదయం 8:10)

అన్నా, చదివి తల దించుకున్నాను. ఎవరు చేసినా మా పనివాళ్లే కదా. నాన్నగారికి నా తరఫున క్షమాపణ చెప్పండి. బెల్లోస్ కొలతలు పంపండి, తోలు పని తెలిసిన మేస్త్రి ఉన్నాడు నాకు. ఖర్చు నాది. గరుకు గాజు కూడా చేయించొచ్చు.

డార్క్‌రూమ్_దీపం (మంగళవారం, ఉదయం 8:25)

గరుకు గాజు నేను చేసిస్తాను నానీ. మామూలు గాజు మీద కార్బొరండం పొడి, నీళ్లు వేసి ఇంకో గాజుతో గంట సేపు రుద్దడమే. మా స్కూల్ ల్యాబ్‌లో పిల్లలతో చేయించాను.

మన సినిమాల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రెండు ముక్కలు. వంశీ ‘సితార’ (1984)లో శుభలేఖ సుధాకర్ ఫోటోగ్రాఫర్. కోట గోడల మధ్య ఉన్న అమ్మాయిని లోకానికి చూపించింది అతని కెమెరాయే. అంతకుముందు ఏడాది హిందీలో వచ్చిన ‘జానే భీ దో యారో’లో ఇద్దరు ఫోటోగ్రాఫర్లు పార్కులో తీసిన ఫోటోని పెద్దది చేస్తూ పోతే హత్య బయటపడుతుంది. ఆ పార్కు పేరు అంటోనియోని పార్క్. ‘బ్లో-అప్’ (1966) తీసిన దర్శకుడికి దండం అది. ‘బ్లో-అప్’లో హీరో చేతిలో నికాన్ ఎఫ్ కెమెరా. ఫోటోని పెద్దది చేసేకొద్దీ గ్రెయిన్ (ఫిల్మ్ మీది నలుసులు) తప్ప ఏమీ మిగలదు. డార్క్‌రూమ్‌లో ఫోటోని పెద్దది చేసే ఎన్‌లార్జర్‌ని పైకి తిప్పుతూ పోయిన ఎవరికైనా ఆ అనుభవం ఉంటుంది.

ఇంకొకటి, ముచ్చటైనది. బస్టర్ కీటన్ ‘ది కెమెరామన్’ (1928). వీధిలో రేకు ఫోటోలు తీసుకునేవాడు పాత సినిమా కెమెరా కొనుక్కుని సినిమా హాళ్లలో వేసే వార్తాచిత్రాల (న్యూస్‌రీల్) కంపెనీలో చేరాలనుకుంటాడు. అది చేత్తో తిప్పే కెమెరా. చివరికి హీరోయిన్‌ని కాపాడింది అతనేనన్న నిజం బయటపెట్టే రీలు తిప్పింది కోతి! పిడి తిప్పితే చాలు ఫిల్మ్ నడుస్తుంది కాబట్టే ఆ కథ కుదిరింది.

కృష్ణాతీరం (మంగళవారం, ఉదయం 9:00)

స్టూడియో నుంచి సినిమాకి దారి మనకీ కొత్త కాదమ్మా. తెలుగు సినిమాకి పితామహుడంటామే రఘుపతి వెంకయ్య గారు, బందరు నుంచి మద్రాసు వెళ్లి ఫోటో స్టూడియో పెట్టుకున్నవారే.

వారసుడూ, ఫ్లాష్‌గన్ దొరికిందా?

స్టూడియో_వారసుడు (బుధవారం, రాత్రి 9:15)

దొరికింది. అటక మీద ట్రంకు పెట్టెలో, పాత నెగెటివ్ కవర్ల కింద. విసనకర్రలా విచ్చుకునే రిఫ్లెక్టర్ కొంచెం తుప్పు పట్టింది. పక్కనే అట్టపెట్టెలో బల్బులు మూడు ఉన్నాయి. బ్యాటరీ లేదు కాబట్టి కాల్చలేం, కాల్చనివ్వరు కూడా.

నాన్నని దిండుకి ఆనించి కూర్చోబెట్టి చేతికిచ్చాను. కాసేపు తిప్పి చూశారు. తర్వాత ‘రియర్ విండో’ చివరి ఘట్టం పెట్టమన్నారు, లైటు ఆపమన్నారు. తెర మీద ఫ్లాష్ వెలిగినప్పుడల్లా చీకట్లో ఆయన చేతుల్లో చిన్న చప్పుడు వినిపించింది: ఒక బల్బు బయటికి, ఇంకోటి లోపలికి. మూడో ఫ్లాష్‌కి స్టువర్ట్ ఇంకా బల్బు సర్దుకుంటూనే ఉన్నాడు, నాన్న అప్పటికే పెట్టేశారు. “కొత్తవాడు, అలవాటు లేదు” అన్నారు.

నానీ, బెల్లోస్ కొలతలు రేపు పంపుతాను. నాన్నే టేపు పట్టుకుని రాయించారు. కృష్ణాతీరం బాబాయ్ గారూ, మీ ఫోన్ నంబర్ నాకు విడిగా పంపండి, ఆయన మీతో మాట్లాడతారట.